అట్టపెట్టె మీది అంకెలు నమ్మొచ్చా? హెడ్‌ఫోన్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో 500 నుంచి 3000 రూపాయల లోపు హెడ్‌ఫోన్ల గురించి అడిగినవి తీసుకున్నాం. ఒకే సందేహం చాలామందికి ఉన్నచోట ఒక ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: గ్రూప్-2కు చదువుతున్నాను. రోజూ ఐదారు గంటలు లాప్‌టాప్‌లో క్లాసులు, మధ్యలో ఇంటి నుంచి ఫోన్లు. 1500 దాటలేను. ఒక అంగట్లో 60 గంటల బ్యాటరీ అంటారు, ఇంకో అంగట్లో 13 మి.మీ. డ్రైవర్ అంటారు, మరోచోట బ్లూటూత్ 5.3 అంటారు. దేన్ని చూసి కొనాలి?
– ఒక అభ్యర్థి, సి క్యాంపు, కర్నూలు

జవాబు: ఆ మూడింటినీ పక్కన పెట్టండి. ఇయర్‌బడ్స్ పెట్టె మీద 60 గంటలని ఉంటే అది చార్జింగ్ కేస్‌తో కలిపి వేసిన లెక్క. చెవిలో ఉన్న బడ్ ఒక్క చార్జికి మామూలుగా 5 నుంచి 7 గంటలు వస్తుంది, అదీ సగం వాల్యూమ్‌లో. అంటే సాయంత్రం క్లాసు ముగియకముందే బడ్ ‘బ్యాటరీ లో’ అని చెవిలో చెప్పేస్తుంది. డ్రైవర్ అంటే లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకరు, దాని సైజు పెద్దదైతే శబ్దం బాగుంటుందన్న నియమమేమీ లేదు. లోపలి పొర దేనితో చేశారు, కంపెనీ ట్యూనింగ్ ఎలా చేసింది అన్నదాన్ని బట్టే ధ్వని ఉంటుంది. 10 మి.మీ. సెట్టు మాట స్పష్టంగా వినిపించి, 13 మి.మీ. సెట్టు బేస్ మాత్రమే దంచి మాటను మింగేసే సందర్భాలు ఈ ధరలో మామూలే. ఇక బ్లూటూత్ 5.0 దాటాక 5.2, 5.3 తేడా మీ క్లాసులో వినిపించదు. ఎల్‌ఈ ఆడియో అని బ్లూటూత్‌లో శబ్దం పంపే కొత్త పద్ధతి 5.2తో వచ్చిన మాట నిజమే. కానీ పెట్టె మీద 5.3 అని రాసినంత మాత్రాన అది లోపల ఉన్నట్టు కాదు, ఉన్నా అవతల ఫోనులోనో లాప్‌టాప్‌లోనో కూడా ఉండాలి.

మీ పనికి ఇయర్‌బడ్స్ కన్నా నెక్‌బ్యాండ్ మేలు. దాని బ్యాటరీ మెడ పట్టీలోనే ఉంటుంది కాబట్టి మామూలు రకం కూడా ఒక చార్జికి 20 గంటల చుట్టుపక్కల వస్తుంది. నొక్కే బటన్లు మూడు ఉంటాయి, చీకట్లో తడిమినా దొరుకుతాయి. ఇయర్‌బడ్స్‌లో టచ్ ఉంటుంది: చున్నీ తగిలినా, దిండు ఆనినా, జుట్టు సర్దుకున్నా క్లాసు ఆగిపోతుంది. ఒక్క బడ్ కింద పడి మంచం కిందికి దొర్లే బాధ నెక్‌బ్యాండ్‌కు లేదు.

వాడకంలో నిజంగా పనికొచ్చే సదుపాయం ఒకటుంది, దాన్ని అంగడివాళ్లు పెద్దగా చెప్పరు. అది మల్టీపాయింట్, అంటే ఒకేసారి రెండింటికి కలిసి ఉండటం. లాప్‌టాప్‌లో క్లాసు నడుస్తుండగా ఫోన్ మోగితే హెడ్‌సెట్ దానంతటదే ఫోన్‌కు మారాలి, మాట ముగిశాక తిరిగి క్లాసుకు రావాలి. ‘రెండు పరికరాలను గుర్తుపెట్టుకుంటుంది’ అని మాత్రమే రాసి ఉంటే అది మల్టీపాయింట్ కాదు. అలాంటిదాంట్లో ఒకదాని బ్లూటూత్ తీసేసి రెండోదానికి మీరే కలపాలి. అంగట్లోనే తేల్చుకోవచ్చు: మీ ఫోను, స్నేహితుడి ఫోను రెండూ కలపండి. ఒకదాంట్లో పాట పెట్టి రెండోదానికి కాల్ చేయించండి. ఏ బటనూ తాకకుండా కాల్ చెవిలో వినిపిస్తేనే అది అసలు మల్టీపాయింట్. దీంతో వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. ఫోనులో వాట్సాప్ టింగుమన్నప్పుడల్లా క్లాసు రెండు సెకన్లు తెగుతుంది. క్లాసు టైములో ఫోనును సైలెంట్‌లో పెట్టుకుంటే సరి.

ఇంకో ఫిర్యాదు చాలామంది నుంచి వస్తుంది: ‘పాటలు బాగుంటాయి, మీటింగ్ మొదలవగానే బావిలోంచి వచ్చినట్టు అయిపోతుంది.’ సెట్టు పాడవలేదు. బ్లూటూత్‌లో వినడానికి ఒక పద్ధతి, మైకుతో మాట్లాడటానికి ఇంకో పద్ధతి ఉన్నాయి. మైకు ఆన్ కాగానే మొత్తం రెండో పద్ధతికి మారుతుంది, దాంట్లో శబ్దం ఒకే చానల్, నాణ్యత టెలిఫోన్ స్థాయి. మీటింగ్ యాప్ ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మైక్రోఫోన్ దగ్గర హెడ్‌సెట్ బదులు లాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి, స్పీకర్ దగ్గర హెడ్‌సెట్‌నే ఉంచండి. విండోస్ 10లో ఒకే హెడ్‌సెట్ రెండు పేర్లతో కనిపిస్తుంది, ‘స్టీరియో’ అన్నది తీసుకోవాలి, ‘హ్యాండ్స్-ఫ్రీ’ అన్నది కాదు.

తలమీద పెట్టుకునే రకం కూడా చాలామంది అడుగుతున్నారు. ఈ ఎండల్లో రెగ్జిన్ మెత్తల కింద చెవులు అరగంటకే తడుస్తాయి. ఆ మెత్తలు చెమటకు ఏడాది రెండేళ్లలో పొరలు పొరలుగా రాలతాయి. కళ్లద్దాలుంటే కాడల మీద ఒత్తిడి వేరు. ఏసీ గది అయితే పర్వాలేదు. వైర్‌లెస్‌లో కొన్నింటికి వైరు పెట్టుకునే రంధ్రం ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్520కి 50 గంటల బ్యాటరీ, మల్టీపాయింట్ రెండూ ఉన్నాయి, 3.5 మి.మీ. రంధ్రం మాత్రం లేదు. చార్జి అయిపోతే అంతే.

మా సలహా: 1500 మొత్తం ఒకదాని మీదే పెట్టకండి. మల్టీపాయింట్ ఉన్న నెక్‌బ్యాండ్ వెయ్యి లోపు చూడండి. మిగిలిన 400, 500తో మైకున్న వైరు ఇయర్‌ఫోన్ ఒకటి కొని సంచిలో పడేయండి. ఉత్తి పాఠం వినడానికి అసలు వైరుదే పైచేయి, చార్జింగ్ బాధ లేదు, మైకు వాడినా శబ్దం పడిపోదు. వైరువి పాడయ్యేది పిన్ను మెడ దగ్గరే. కాబట్టి ఎల్ ఆకారంలో వంగిన పిన్ను, దాని వెనక మెత్తటి రబ్బరు తొడుగు ఉన్నది ఎంచుకోండి. ఫోను చుట్టూ బిగించి చుట్టే అలవాటుంటే మానేయండి, నాలుగు వేళ్ల మీద వదులుగా చుట్టి తీయండి. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు మైకుకు ఒకటి, స్పీకర్‌కు ఒకటి రంధ్రాలుంటే మైకు పనిచేయదు. రెండుగా చీల్చే వై ఆకారపు స్ప్లిటర్ వైరు తెచ్చుకోవాలి. కొనేటప్పుడు ‘మైకుకు, హెడ్‌ఫోన్‌కు వేర్వేరుగా’ అని అడగండి. ఇద్దరు పాట వినడానికి చేసిన స్ప్లిటర్ ఇచ్చి పంపుతారు, అది పనికిరాదు.

ప్రశ్న: వారానికోసారి అనంతపురం నుంచి బెంగళూరుకు బస్సులో పోయి వస్తాను. ఇంజన్ హోరు తగ్గాలని ‘30 డీబీ నాయిస్ క్యాన్సిలేషన్’ అని రాసిన 1300 రూపాయల ఇయర్‌బడ్స్ కొన్నాను. ఏమీ తగ్గలేదు. పెట్టె వెనక చూస్తే ఈఎన్‌సీ అని ఉంది. మోసపోయానా?
– ఒక ప్రయాణికుడు, అనంతపురం

జవాబు: ఈఎన్‌సీ మీ కోసం కాదు, అవతలివారి కోసం. మీరు ఫోన్ మాట్లాడేటప్పుడు మీ వెనక ఉన్న రొదను మైకు నుంచి వడకట్టి పంపుతుంది. మీ చెవిలో హోరు తగ్గించేది ఏఎన్‌సీ. బయటి శబ్దాన్ని చిన్న మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపల పుట్టించి కొట్టివేస్తుంది. పెట్టె మీద ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అని పెద్దక్షరాల్లో, ఈఎన్‌సీ అని చిన్నక్షరాల్లో వేయడం ఈ ధరల్లో బాగా అలవాటైన పని. ఏఎన్‌సీ అన్న అక్షరాలు కనబడకపోతే లేనట్టే లెక్క.

ఏఎన్‌సీ ఉన్నా అన్ని శబ్దాలూ పోవు. ఇంజన్ గుర్రు, ఏసీ హోరు, ఫ్యాను మోత లాంటి ఒకే తీరుగా సాగే లోతైన శబ్దాల మీదే దాని బలమంతా. పక్క సీటాయన ఫోన్ మాటలు, హారన్లు, చంటిపిల్లల ఏడుపు దాన్ని దాటుకొని వస్తాయి. 30 డీబీ (డెసిబెల్స్, శబ్దం తీవ్రతకు కొలత) అన్నదీ అంతే, ఏదో ఒక రకం హోరు దగ్గర వచ్చిన గరిష్ఠ అంకె అది, అన్ని శబ్దాలకూ అంత తగ్గదు. అంగట్లో పరీక్షించాలంటే పాట పెట్టకుండా బడ్స్ పెట్టుకొని ఫ్యాను కింద నిలబడి ఏఎన్‌సీని ఆన్ చేసి, ఆఫ్ చేసి చూడండి. హోరు స్పష్టంగా కుంగాలి. కుంగకుండా సన్నగా ‘స్స్’ అని మొదలైతే ఆ సదుపాయానికి డబ్బు పెట్టక్కర్లేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నదానికే చేయగలిగింది ఒకటుంది. పెట్టెలో మూడు సైజుల రబ్బరు టిప్పులు ఇస్తారు. చాలామంది కంపెనీ తొడిగిన మధ్య సైజుతోనే సరిపెట్టుకుంటారు. చెవి రంధ్రం మూసుకోకపోతే బేస్ కారిపోతుంది, బయటి రొద లోపలికి వస్తుంది. పెద్దది తొడిగి, చెవి పైభాగాన్ని కొంచెం పైకి, వెనక్కి లాగి, బడ్‌ను తిప్పుతూ పెట్టండి. మీ గొంతే మీకు తల లోపల మోగినట్టు వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. రెండు చెవులకు రెండు సైజులు పట్టడం కూడా ఉంటుంది, అది లోపమేమీ కాదు. రబ్బరు నిలవకపోతే నురగలాంటి ఫోమ్ టిప్పులు విడిగా దొరుకుతాయి, ఇంజన్ హోరుకు కాకపోయినా మాటలకు, ఈలలకు అవి చవక ఏఎన్‌సీ కన్నా బాగా అడ్డుపడతాయి.

ఇది సుఖం కోసం మాత్రమే కాదు. బస్సు రొద మీద పాట వినాలని వాల్యూమ్ పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవారికి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 90కి చేరితే వారానికి 4 గంటలే, అంటే పోయే ప్రయాణానికే ఆ వారం కోటా అయిపోయినట్టు. పిల్లలకైతే 75 డెసిబెల్స్ దగ్గరే 40 గంటలు. ఆండ్రాయిడ్ ఫోను వాల్యూమ్ గీత 60 శాతం దాటకుండా చూసుకోండి. అక్కడ పాట వినబడకపోతే ముందు టిప్పు మార్చండి.

ప్రశ్న: తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్‌లో పని. మిషన్ సౌండుకు తలనొప్పి. ఏఎన్‌సీ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే చెవులకు రక్షణ ఉంటుందా? పాటలు కూడా వినొచ్చని.
– ఒక కార్మికుడు

జవాబు: వద్దు. కోత బ్లేడు శబ్దంలో చెవిని దెబ్బతీసే కీచు భాగాన్ని ఏఎన్‌సీ అందుకోలేదు, పైగా ఆ మోతను మించి వినబడాలని పాట పెంచితే రెండు దెబ్బలు. రాతి పొడి సంగతి కూడా ఉంది. పెట్టె మీది ఐపీఎక్స్4లో ‘ఎక్స్’ అంటే దుమ్ముకు పరీక్షే చేయలేదని, 4 అంటే నీటి చిందులకు ఓర్చుకుంటుందని. పాలిష్ బురద ఎండి బడ్ ముందున్న జాలీలో గట్టిపడితే ఆ సెట్టు అంతటితో పోతుంది.

మీకు కావలసింది ఫోమ్ ఇయర్ ప్లగ్గులు, లేదంటే తలమీద పెట్టే ఇయర్ మఫ్‌లు. ఇండస్ట్రియల్ సేఫ్టీ సామాను అమ్మేచోట దొరుకుతాయి. ప్లగ్గులు ఇయర్‌బడ్స్ ధరలో పిసరంత. శుభ్రమైన చేత్తో ప్లగ్గును సన్నగా నలిపి, రెండో చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో పట్టుకోండి. సగం బయటికి కనబడుతుంటే సరిగ్గా పెట్టనట్టే. ఇవి ఇవ్వమని యూనిట్ యజమానిని అడగడం మీ హక్కు.

ప్రశ్న: మా నాయనకు 72 ఏళ్లు. టీవీ ఎంత పెంచినా వినపడలేదంటాడు, పక్కింటివాళ్లకు మాత్రం వినపడుతోంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ తెచ్చిపెట్టినాం. బొమ్మలో పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తోంది. పైగా ఆ బటన్లు ఆయనకు అర్థం కావు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, ఎర్రముక్కపల్లి, కడప

జవాబు: బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి, పంపి, తిరిగి విప్పేసరికి సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. యూట్యూబ్ లాంటి యాప్‌లలో చాలా టీవీలు బొమ్మను కూడా అంతే ఆపి సరిచేస్తాయి. సెట్‌టాప్ బాక్సులో వచ్చే చానళ్లకు ఆ సర్దుబాటు తరచూ ఉండదు. టీవీ సెట్టింగ్స్‌లో ‘ఆడియో డిలే’ కనిపించినా ఆశ పెట్టుకోకండి, అది శబ్దాన్ని ఇంకా వెనక్కి నెట్టడానికే ఎక్కువ టీవీల్లో పనికొస్తుంది. మీకు కావలసింది ముందుకు జరగడం.

అన్నిటికన్నా చవకైన దారి వైరు. టీవీ వెనకో పక్కనో హెడ్‌ఫోన్ గుర్తుతో 3.5 మి.మీ. రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే 5 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు, తేలికపాటి వైరు హెడ్‌ఫోన్ చాలు, ఆలస్యం సున్నా. వైరును గోడ వెంబడి తిప్పండి, నడిచే దారికి అడ్డంగా పరిస్తే పెద్దాయన కాలికి తగులుతుంది. పిన్ను పెట్టగానే టీవీ స్పీకర్ ఆగిపోతుంది కదా అంటారేమో, కొన్ని టీవీల్లో సౌండ్ సెట్టింగ్స్‌లో రెండూ మోగేలా పెట్టుకునే వీలుంటుంది, ఒకసారి వెతకండి. ఆయనకు వైరు వద్దంటే టీవీ కోసమే చేసిన ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) హెడ్‌ఫోన్లున్నాయి. ఒక స్టాండు టీవీకి కలుపుతారు, హెడ్‌ఫోన్‌ను దాని మీద పెడితే చార్జి అవుతుంది, ఆలస్యం తెలియదు. ధర ఎక్కువే. టీవీ శబ్దాన్ని బ్లూటూత్‌లో పంపే ట్రాన్స్‌మిటర్ కొనమని ఎవరైనా చెబితే, ఆలస్యం తగ్గించే కోడెక్ (శబ్దాన్ని కుదించి విప్పే పద్ధతి) ట్రాన్స్‌మిటర్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ రెండింటా ఒకటే ఉండాలని గుర్తుంచుకోండి. ఒకవైపు ఉంటే ఫలితం ఉండదు.

పెద్దవాళ్లకు కొనేటప్పుడు చూడాల్సినవి వేరు. టచ్ వద్దు. జరిపితే టక్కుమనే ఆన్-ఆఫ్ స్విచ్చు, వేలితో తిప్పే వాల్యూమ్ చక్రం ఉంటే ఎవరి సాయమూ అక్కర్లేదు. బరువు 200 గ్రాములకు మించకూడదు. చెవిలో దూర్చే రకం కన్నా చెవి మీద ఆనేది నయం. ఒక చెవి ఎక్కువ మందమైతే టీవీలో, ఫోనులో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ ఆన్ చేయండి, రెండు వైపుల మాటా మంచి చెవికి చేరుతుంది.

ఇవన్నీ కొనేముందు ఒకసారి చెవి డాక్టరుకు చూపించండి. వయసుతో ముందుగా పోయేది స, ష, త, ఫ లాంటి సన్నటి ధ్వనులు. అందుకే ‘సౌండు ఉంది, మాట అర్థం కాలేదు’ అంటారు. దానికి వాల్యూమ్ మందు కాదు. కొన్నిసార్లు గులిమి గట్టిపడి అడ్డుపడటమే కారణం, తీయించుకుంటే సరిపోతుంది. కడప సర్వజన ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో చూపించి, ఆడియోమెట్రీ (వినికిడి) పరీక్ష అవసరమేమో అడగండి.

ప్రశ్న: ఇయర్‌బడ్స్‌లో కుడివైపుది పలకడం లేదు. ఎడమది బాగానే ఉంది. రిపేరుకు ఇస్తే 400 అన్నారు.
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: 400 ఇచ్చేముందు ఈ వరసలో చూడండి. ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి ఎడమ-కుడి బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందా? పొరపాటున జరిగి ఉండటం మనం అనుకున్నంత అరుదు కాదు. అది సరిగ్గా ఉంటే టిప్పు ఊడదీసి జాలీని వెలుగులో చూడండి. గులిమి అంటుకుని ఉంటే బడ్‌ను జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తటి టూత్‌బ్రష్‌తో తుడవండి. పైకి పెట్టి రుద్దితే మురికి లోపలికే రాలుతుంది. సూది, పిన్నీసు పెట్టొద్దు, పొర చిరుగుతుంది.

తర్వాత చార్జింగ్ చుక్కలు. బడ్ మీద బంగారు రంగు చుక్కలు, కేస్ గుంటలో వాటికి తగిలే స్ప్రింగు పిన్నులు ఉంటాయి. చెమట ఉప్పు పేరుకుంటే కుడి బడ్ చార్జే ఎక్కదు, అది మోగకపోవడానికి మామూలు కారణం ఇదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రవ్వంత అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆరాక, కేస్‌లో పెట్టి లైటు వెలుగుతుందేమో చూడండి. అరగంట చార్జి పెట్టండి.

అప్పటికీ పలకకపోతే రెండు బడ్స్ మధ్య జత తప్పింది. ఫోనులో పేరు మీద ‘ఫర్గెట్’ నొక్కండి, రెండూ కేస్‌లో పెట్టి మాన్యువల్‌లో చెప్పిన బటన్‌ను చెప్పినన్ని సెకన్లు పట్టి రీసెట్ చేయండి. మోడల్‌ను బట్టి ఇది 5 నుంచి 15 సెకన్లు ఉంటుంది. మళ్లీ కొత్తగా కలపండి. కలిసి, పావుగంట మోగి ఆగిపోతే లోపలి సెల్ అయిపోయినట్టే. జిగురుతో అతికించిన ఆ గుండీ అంత సెల్‌ను మార్చడానికి 400 పెట్టడం దండగ. వారంటీ లేకపోతే ఒక్క బడ్ అమ్ముతారేమో కంపెనీని అడగండి.

ప్రశ్న: టైప్-సి పిన్ను ఇయర్‌ఫోన్ మా అన్న ఫోనులో పాడుతోంది, నా ఫోనులో మూగబోతోంది. ఎందుకు?
– ఆదోని నుంచి

జవాబు: టైప్-సి ఇయర్‌ఫోన్లు రెండు రకాలు. ఒకదాని పిన్నులోనే డ్యాక్ అనే చిప్పు ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు, ఫోనే శబ్దాన్ని తయారుచేసి పంపాలి. మీ ఫోను ఆ పని చేసే రకం కాకపోవచ్చు. లాప్‌టాప్ టైప్-సి రంధ్రంలో పెట్టి చూడండి, అక్కడా మూగబోతే చిప్పు లేనట్టు. ‘డ్యాక్ ఉన్నది’ అని అడిగి మార్చుకోండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ (బయటి పరికరాలను ఫోనుకు కలిపే సదుపాయం) ఆన్ చేస్తేనే పలుకుతాయి, మార్చుకునేముందు అదీ చూడండి.

ప్రశ్న: కొన్న ఎనిమిది నెలలకే నెక్‌బ్యాండ్ బ్యాటరీ రెండు గంటలకు పడిపోయింది. బండి డిక్కీలోనే పెట్టేవాణ్ణి. వారంటీ ఏడాది ఉంది, అంగడాయనేమో ‘కంపెనీకి పంపుకో’ అంటాడు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బిల్లు ఉంటే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. బ్యాటరీకి వేరే గడువు రాశారేమో వారంటీ కార్డు చదవండి, ఆరు నెలలే అని ఉండే అవకాశముంది. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఊరికి పోనక్కర్లేదు. ఈసారి కొనేటప్పుడు మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా, లేక కొరియర్‌లో పంపాలా అన్నది ముందే అడగండి. పెట్టె మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో, ఏ బ్రాండుకు నమోదైందో వస్తుంది. పెట్టె మీది బ్రాండుకూ ఆ నమోదుకూ పొంతన లేకపోతే కొనకండి.

బ్యాటరీని పాడుచేసింది మాత్రం ఎక్కువగా డిక్కీయే. ఏప్రిల్, మే ఎండలో నిలిపిన బండి డిక్కీలో వేడి బయటికన్నా చాలా ఎక్కువ. లిథియం సెల్‌కు వేడిలో నిండా చార్జితో పడి ఉండటం చాలా చేటు. సెల్ 45 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు చార్జింగ్ పెడితే ఇంకా తొందరగా అరుగుతుంది. ఎండలోంచి తెచ్చిన సెట్టును అరగంట ఫ్యాను కింద ఉంచి, చేతికి చల్లగా తగిలాకే చార్జర్ పెట్టండి. నెలల తరబడి వాడకుండా దాచేటప్పుడు సగం చార్జితో దాచండి.